బకాయి సర్కారుది, వడ్డీ మీది

ప్రశ్న: మాది కరీంనగర్. మా ఆయన లేత్ షాపులో పనిచేస్తారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 16,000 దాకా వస్తుంది. బీసీలం. పాప బీటెక్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల 20న చేరాలి. రెండేళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ వాళ్లు ఒరిజినల్స్ ఇవ్వడం లేదు, 70,000 కట్టమంటున్నారు. మా మరిది రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. బాబుకి ఎప్‌సెట్‌లో 28,000 ర్యాంకు వచ్చింది, కన్వీనర్ కోటాలో సీటు, ఫీజు లక్ష. మళ్లీ గవర్నమెంటునే నమ్ముకోవాలా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలా? లోన్ తీసుకున్నా రైతులకు చేసినట్టు మాఫీ చేస్తారులే అని మా ఆయన అంటున్నారు.

జవాబు: అమ్మా, బాబుది నాలుగేళ్ల లెక్క, పాపది రోజుల లెక్క. అందుకని పాప సంగతే ముందు చూద్దాం.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కాబట్టి ప్రిన్సిపాల్ పేరిట ఒక దరఖాస్తు రాసి, దాని కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు)లో పాప స్టేటస్ ప్రింటు తీసి దానికి జత చేయండి. బిల్లు ట్రెజరీకి వెళ్లిందనీ, టోకెన్ పడిందనీ అందులో ఉంటే ఆ బాకీ ఎవరిదో కాగితమే చెబుతుంది. ఈపాటి కాగితం చూసి దిగొచ్చిన కాలేజీలు ఉన్నాయి, దిగిరానివీ ఉన్నాయి. పది రోజులు చూడండి. అప్పటికీ ఇవ్వకపోతే డబ్బు కట్టేసి సర్టిఫికెట్లు తెచ్చుకోండి. న్యాయం మీ వైపే ఉంది, కానీ చేరే తేదీ దాని కోసం ఆగదు.

అయితే ఆ డబ్బు మీ మరిది దగ్గర మాత్రం వద్దు. రెండు రూపాయల వడ్డీ అంటే 70,000కి నెలకు 1,400. తులం లక్ష దాటిన ఈ రోజుల్లో బ్యాంకులో ఒక్క తులం పెడితే 70,000 వస్తుంది, ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 600 లోపే. పాప జీతంలోంచి నెలకు 10,000 పక్కన పెడితే ఎనిమిది నెలల్లో నగ ఇంటికొస్తుంది.

కట్టేటప్పుడు నగదు ఇవ్వకండి, కాలేజీ అకౌంటుకే వేయండి. రసీదు మీద ‘ఫలానా రెండు సంవత్సరాల ఆర్‌టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) కింద, ప్రభుత్వం విడుదల చేశాక విద్యార్థికి తిరిగి చెల్లిస్తాం’ అని రాయించుకుని స్టాంపు వేయించండి. ఈ ముక్క లేకపోతే రెండేళ్ల తర్వాత డబ్బు కాలేజీకి వచ్చిపడినా మీకు తెలియదు. కొన్ని కాలేజీలు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇస్తే చాలంటాయి. అది ఇవ్వొద్దు. బౌన్స్ అయితే కోర్టు మెట్లెక్కేది మీరే.

ఇక గవర్నమెంటును నమ్మాలా అన్న ప్రశ్న. ఫీజు రీయింబర్స్‌మెంట్ వైఎస్ రాజశేఖర్ రెడ్డి హయాంలో మొదలైంది. అప్పటి నుంచి రెండు రాష్ట్రాల్లో ఎన్ని ప్రభుత్వాలు మారినా ఒక్కరూ దీన్ని ఎత్తేయలేదు. ఎత్తేసే ధైర్యం ఎవరికీ లేదు, టైముకి ఇచ్చే అలవాటూ ఎవరికీ లేదు. ఆంధ్రలో 2019 తర్వాత విద్యా దీవెన అని పేరు మార్చి తల్లుల ఖాతాల్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. ఎవరి ఖాతాలో వేయాలన్న దాని మీద జరిగిన రాజకీయం ఎప్పుడు వేయాలన్న దాని మీద జరగలేదు. మన దగ్గర 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. పాతవాళ్లు పెట్టిపోయిన బకాయిలని వీళ్లు, మీరు పెంచిన బకాయిలని వాళ్లు. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాక కొంత డబ్బు విడుదల చేస్తామన్నారు.

ఎందుకిలా అంటే, కట్టని బిల్లు ప్రభుత్వ అప్పుల లెక్కలో కనపడదు. బ్యాంకు దగ్గర అప్పు తెస్తే వడ్డీ కట్టాలి, అసెంబ్లీలో జవాబు చెప్పాలి. కాలేజీకి బాకీ పెడితే వడ్డీ లేదు. కాలేజీ ఆ భారాన్ని సర్టిఫికెట్ల బీరువాకు తాళం వేసి మీ మీదికి తోస్తుంది, మీరు తులం బంగారం తీసుకుని బ్యాంకుకు వెళతారు. సర్కారు చేసిన అప్పుకు వడ్డీ కట్టేది మీ కుట్టు మిషను. పైగా మీ బాబులా 10,000 దాటిన ర్యాంకు వచ్చిన బీసీలకు రీయింబర్స్‌మెంట్ కింద ఏటా ఇచ్చేది 35,000 మాత్రమే, అది ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో పెట్టిన అంకె. ఫీజులు లక్ష దాటాయి, అది మాత్రం అక్కడే ఉంది.

కాబట్టి ఆ 35,000ని రాని డబ్బు అనుకోకండి, అలాగని ఈ ఏడాది వచ్చే డబ్బనీ అనుకోకండి. రెండు మూడేళ్లు ఆలస్యంగా ఇచ్చే మనిషికి మీరు చేబదులు ఇచ్చారనుకోండి.

బాబుని కన్వీనర్ సీటులో చేర్పించండి. ఏటా మీరు కట్టాల్సింది 65,000, నాలుగేళ్లకు 2.6 లక్షలు. దీనికి ఎడ్యుకేషన్ లోన్ సరైన దారి. బ్యాంకుల సంఘం పెట్టిన మోడల్ స్కీం ప్రకారం 4 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు, మార్జిన్ డబ్బు (మీ చేతి నుంచి వేయాల్సిన వాటా) కూడా అక్కర్లేదు. మేనేజరు ఇంటి కాగితాలు అడిగితే ఎడ్యుకేషన్ లోన్ల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి, కాదంటే కారణం అక్కడ రాయాల్సి వస్తుంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో 3 శాతం వడ్డీ రాయితీ గురించి ఎవరైనా ఊరిస్తే ఆశ పెట్టుకోకండి. అది ఎంపిక చేసిన సంస్థల్లో చదువుతూ, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ రానివాళ్లకు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. మంజూరు మొత్తం ఫీజుకి, అంటే 4 లక్షలకు చేయించుకోండి, వాడేది మాత్రం ఏటా 65,000. తీసుకోని డబ్బుకు వడ్డీ పడదు. నాలుగో ఏడు వచ్చేసరికి మళ్లీ బకాయి పేరుకుంటే, కోర్సు ముగిసేలోపే కాలేజీ దగ్గర ఫీజు డిమాండ్ లెటర్ తెచ్చి మిగిలింది విడిపించుకోవచ్చు. అప్పుడు నగలు కదిలించే పని ఉండదు.

చదువు నడుస్తున్నంత కాలం, ఆపై ఇంకో ఏడాది, వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పది శాతం లెక్కన ఐదో ఏడు ముగిసేసరికి 2.6 లక్షలు 3.51 లక్షలవుతాయి. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 5,800. అదే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే మొదటి ఏడాది నెలకు 540, నాలుగో ఏడాదికి 2,170 పడుతుంది, తర్వాత వాయిదా 4,300 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది రెండు మూడు జాకెట్ల కుట్టుకూలి అనుకోండి. తర్వాతి ఏళ్లకు అక్క జీతం తోడుంటుంది.

మాఫీ మాట మీ వారు మర్చిపోవడం మంచిది. అమెరికాలో బైడెన్ అంతటివాడు 2022లో చదువు అప్పుల మాఫీ ప్రకటిస్తే 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ మాఫీ వస్తుందని వాయిదాలు ఆపితే లోన్‌లో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన మీ వారి సిబిల్ పోతుంది. రేపు లేత్ షాపు సొంతంగా పెట్టుకుందామన్నా ఏ బ్యాంకూ పలకదు.

బాబు ఈపాస్ దరఖాస్తు, బయోమెట్రిక్ మాత్రం గడువు దాటనివ్వకండి. పట్టణంలో ఆదాయ పరిమితి 2 లక్షలు, మీది 1.92. పాప జీతం మొదలయ్యేలోపే ఈ ఏడాది ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకోండి.