చిన్న చాకైనా సరే, చేతిసంచిలో వద్దు

"తాళాల గుత్తికి ఉండే చిన్న మడత చాకును విమానంలో తీసుకెళ్లవచ్చా? రెండు అంగుళాలు కూడా లేదు" అని అడిగారు.

చెకిన్ బ్యాగులో నిక్షేపంగా తీసుకెళ్లండి. చేతిసంచిలో మాత్రం వద్దు. అంగుళాల వాదన మన విమానాశ్రయాల్లో చెల్లదు. విదేశాల్లో ఉండే బంధువులు "మేం రోజూ పట్టుకెళ్తాం" అంటే నమ్మి బయలుదేరకండి, అక్కడి లెక్కలు వేరు. యూరప్‌లో 6 సెంటీమీటర్ల లోపు చాకును సాధారణంగా రానిస్తారు. కెనడా కూడా 2017 చివరి నుంచి, అమెరికా వెళ్లే విమానాలకు తప్ప, అదే కొలత పాటిస్తోంది. అమెరికా 2013లో ఇంచుమించు అంతే పొడవుకు అనుమతిస్తామని ప్రకటించింది, విమాన సిబ్బంది మండిపడడంతో అమల్లోకి రాకముందే మానుకుంది.

నేను లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాను. టెస్టరు, కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవర్లు లేకుండా ఊరు దాటను. అవన్నీ చెకిన్ బ్యాగులోనే పడుకుంటాయి కాబట్టి నాతో ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది మా మామగారితో.

ఆయనకు భోజనం కాగానే వక్క పడాలి. లాల్చీ జేబులో ఎప్పుడూ ఒక ఇత్తడి అడకత్తెర ఉంటుంది. పిడుల చివర రెండు చిలకలు, వాటి ముక్కులు అరిగిపోయి ఇప్పుడు పావురాల్లా కనిపిస్తాయి. పుణెలో ఉన్న మా బావమరిది ఇంటికి బయలుదేరినప్పుడు, నేను చూడకుండా దాన్ని చేతిసంచిలో వేసుకున్నారు. ఎక్స్‌రే దగ్గర సంచి ఆగిపోయింది. అక్కడి అధికారి ఉత్తరాది మనిషి. అడకత్తెరను చేతిలోకి తీసుకోగానే ఆయన ముఖం విప్పారింది. తమ ఇంట్లోనూ ఉందట, వాళ్ల నాయనమ్మ వాడేదట. రెండు మూడుసార్లు తెరిచి మూసి, చిలకలను బొటనవేలితో నిమిరి, ముచ్చటపడి, ఆ తర్వాత చల్లగా పక్కన పెట్టేశాడు.

"నాయనా, దీంతో వక్కలే తెగుతాయి కానీ పీకలు తెగవు" అన్నారు మామగారు అచ్చ తెలుగులో. ఆయన నవ్వాడు, వదల్లేదు. నేను గమనించింది ఇదే. అది పనిముట్టని వాళ్లకు తెలియక కాదు, బాగా తెలుసు. తెరమీద పదును కనిపించిందా లేదా అన్నదే వాళ్లకు కావలసింది. కనిపిస్తే ఇక వాదించి లాభం లేదు.

చివరికి బోర్డింగ్ పాస్‌మీది ముద్ర కొట్టేయించుకుని మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లాం. అక్కడి అమ్మాయి మంచిది, నీళ్ల సీసాల ఖాళీ అట్టపెట్టె తెచ్చి, అడకత్తెరను అందులో పెట్టి, చుట్టూ టేపు వేసి చీటీ అంటించింది. పుణెలో బెల్టుమీద పెద్ద పెద్ద సూట్‌కేసుల మధ్య అది ఒంటరిగా ఊగుతూ వస్తుంటే మామగారు పెళ్లికొడుక్కి ఎదురెళ్లినట్టు ఎదురెళ్లారు.

ఇది సాధ్యపడింది మేం ముందే వెళ్లడం వల్ల. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్లకు మిగిలేది చెత్తబుట్టే. సామాను తీసుకోవడానికి పది నిమిషాలు ఆగలేక, చేతిసంచి ఒక్కటే పట్టుకుని తిరగడం గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు చూడండి, చాకులు పోగొట్టుకునేది ఎక్కువగా వాళ్లే. అలా వెళ్లక తప్పకపోతే చాకును సాగనంపడానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టండి.

నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంది. అడకత్తెరను ఆపినచోటు దాటి విదేశీ విమానాల వైపు వెళ్తే, దుకాణాల్లో బరువైన గాజు సీసాలు వరసగా పేర్చి అమ్ముతుంటారు! పగిలిన సీసాకంటే మామగారి చిలకలు ప్రమాదమా? అడిగేవాళ్లుంటే నియమాలు సడలుతాయి కూడా. శబరిమల భక్తులు ఇరుముడిలోని కొబ్బరికాయను విమానంలో తమ వెంటే ఉంచుకోవడానికి 2024 అక్టోబరులో కేంద్రం ఆ సీజన్ వరకు అనుమతి ఇచ్చింది. పనిముట్లు మోసేవాళ్ల తరఫున అడిగే నాథుడే లేడు.

బ్యాటరీ డ్రిల్లు ఉంటే మాత్రం తిరకాసు. డ్రిల్లు చెకిన్‌లో వెయ్యాలి, దాని విడి బ్యాటరీని చేతిసంచిలో పెట్టుకోవాలి. పవర్ బ్యాంకూ అంతే. లిథియం బ్యాటరీ సామాను గదిలో అంటుకుంటే చూసేవాళ్లుండరు కదా. ఈ ఒక్క నియమం మీద నాకు ఫిర్యాదు లేదు.