తొలి పది అడుగుల గురించి పాపకు

కావలి

చిరంజీవి పాపకు పెద్దత్త దీవించి రాసేది.

ఖోఖో పక్కనబెట్టి వంద మీటర్లకు పేరిచ్చావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం పట్టలేక వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం దిగులు పట్టుకుంది. సెలక్షన్లకు ఆరు వారాలే ఉంది, ఈ ఆరు వారాల్లో తొందరపడి తొడ వెనక నరం పట్టించుకుంటావేమోనని. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. దాచుకుని మళ్లీ మళ్లీ చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పరుగుకు రెండు మూడు గంటల ముందే తిను. వార్మప్ అరగంటకు తగ్గబాకు. కొత్త స్పైక్స్, అవే మేకుల బూట్లు, పోటీ రోజున మొదటిసారి తొడగబాకు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమైనా, మీ కాలేజీ మట్టి గ్రౌండైనా, ముందు రోజే వెళ్లి నేల ఎట్టా ఉందో కాలితో తొక్కి చూసుకో. సింథటిక్ ట్రాక్ అయితే స్పైక్స్ మేకు 9 మిల్లీమీటర్లు దాటకూడదు.

లేచేటప్పుడు పాదాలు ఆనించి తోసుకునే బ్లాకులు పెట్టుకోవడం ఒకరి మీద వదిలెయ్యబాకు. లైను నుంచి నీ పాదంతోనే రెండు పాదాలు కొలిచి ముందు బ్లాకు, మూడు పాదాల దగ్గర వెనక బ్లాకు పెట్టు. ఏ కాలు ముందుండాలో తెలియకపోతే కాళ్లు కలిపి నిలబడి, చెప్పకుండా వెనకనుంచి మెల్లగా తొయ్యమని మీ చెల్లెలికి చెప్పు. పడకుండా ఏ కాలు ముందుకు వేస్తావో అది వెనక బ్లాకు కాలు. చేతులు భుజాలకన్నా కాస్త ఎడంగా, వేళ్లు లైనుకు వెనకే. గన్ పేల్చేవాళ్లు ‘సెట్’ అనగానే తుంటి భుజాలకన్నా కొంచెం పైకి రావాలి. ముందు మోకాలు దాదాపు 90 డిగ్రీలు, వెనక మోకాలు 120 నుంచి 130. చాలామంది పిల్లలు తుంటిని మరీ ఎత్తేసి వెనక కాలు తిన్నగా చేసుకుంటారు. మోకాల్లో వంపే లేకపోతే ఇక దేనితో తోస్తారు? పాదాలు రెండూ బ్లాకుకు గట్టిగా అదిమి ఉంచు. వదులుగా ఉంటే గన్ పేలాక పాదం మొదట వెనక్కిపోయి బ్లాకును తాకి, అప్పుడు బయలుదేరుతుంది. కుదిరిన కొలతలు చీటీ మీద రాసి స్పైక్స్ సంచిలోనే పెట్టుకో.

బ్లాకులు రోజూ ఇవ్వరని మీ నాన్న అన్నాడు. ఇవ్వకపోతే మానుకోబాకు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ తాపీతో గుంటలు తవ్వుకునే వంద మీటర్లు గెలిచాడు. ఒలింపిక్స్‌లోకి బ్లాకులు వచ్చింది 1948లో. మన హైస్కూలు గ్రౌండ్లలో పిల్లలు ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు గుంటల్లోంచే లేచారు. నువ్వూ తవ్వుకో, అయిపోయాక పూడ్చు. దాంట్లో ఇంకొకరి కాలు మడత పడకూడదు.

ఇక అసలు విషయం. నీకు పాత జబ్బొకటి ఉంది, ఆరో తరగతి నుంచి చూస్తున్నా. వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినపడగానే తల ఎత్తి, పారిపోయే పిల్లను చూస్తూ, ఒక్క అంగలో అందుకోవాలని కాలు ముందుకు బారజాపుతావు. ఖోఖోలో అది నీకు ఎన్నో పాయింట్లు తెచ్చింది, అక్కడ మనిషిని తాకితే పనైపోతుంది. వంద మీటర్లలో అదే అలవాటు నీ మొదటి పదిహేను మీటర్లనూ తినేస్తుంది. మొన్న మీ నాన్న పంపిన వీడియోలోనూ అదే. ఎన్నిసార్లు చెప్పాను పాపా!

ఎందుకు చెడ్డదో తెలుసుకుంటే మానుకుంటావు. కాలు చాపి వేస్తే పాదం నీ తుంటికి ముందు పడుతుంది, మడమ తగులుతుంది. అట్టా పడిన పాదం నేలను వెనక్కి తొయ్యలేదు, వచ్చే ఒంటిని ఆపుతుంది. ఒళ్లు ఆ పాదం మీదికి వచ్చిందాకా తోపు మొదలే కాదు. ఈలోగా నడుము లేస్తుంది, మూడో అడుగుకే నిటారుగా అయిపోతావు. ఆగిపోయిన ఆటోను నెట్టేవాళ్లను చూడు, ఒక్కరైనా నిటారుగా నిలబడి నెడతారా? మొదటి అడుగుల్లో పాదం నేలమీద దాదాపు సెకనులో ఐదో వంతు ఉంటుంది. పూర్తి వేగం వచ్చాక పదో వంతే. అంటే తోసుకోవడానికి నీకు సమయం దొరికేది మొదట్లోనే. దాన్ని ఆపుకోవడానికి ఖర్చు పెడితే తర్వాత ఎంత గింజుకున్నా తిరిగిరాదు.

కనిపెట్టడానికి ఒక పద్ధతి చెబుతా. పొద్దున్నే గ్రౌండులో లైను నుంచి పదిహేను మీటర్ల దాకా బిందెతో నీళ్లు చల్లించు. బురద కాకూడదు, అడుగు అచ్చు పడేంత తడి చాలు. జారకుండా స్పైక్స్ వేసుకుని గుంటల్లోంచి ఒక్కసారి పరిగెత్తి, వెనక్కొచ్చి వంగి చూడు. మొదటి అడుగు లైనుకు అర మీటరు, మహా అయితే ఇంకాస్త అవతల పడాలి. ఆ తర్వాత ఒక్కో అడుగూ ముందుదానికన్నా బెత్తెడో, ఇంకాస్తో పెరుగుతూ పోవాలి. మొదటి నాలుగైదు అచ్చుల్లో పాదం ముందు భాగమే కనపడాలి, దాని వెనక మట్టి చెదిరి వెనక్కి చిమ్మి ఉండాలి. మడమ గుంట కనపడిందంటే అక్కడ కాలు చాపావన్నమాట. ఒక అడుగు పెద్దదిగా పడి ఆ తర్వాతది చిన్నదైపోయినా అదే జబ్బు. టేపు పెట్టి కొలిచి రాసుకో, ఊరికే కంటితో చూసి బాగుందనుకోబాకు.

పోగొట్టుకోవడానికి రెండు చాలు. మొదటిది, కాళ్లు కలిపి నిలబడి, నడుము వంచకుండా చీలమండల దగ్గర్నుంచి ఒళ్లంతా ముందుకు వాల్చి, ఇక పడిపోతాననిపించినప్పుడు పరుగందుకుని 15 మీటర్లు. రెండోది, బోర్లా పడుకుని రెండు చేతులతో లేస్తూ 15 మీటర్లు. రెండింటిలోనూ కాలు చాపడానికి వీలుండదు, ఒంటికిందే పెట్టక తప్పదు. మనసులో ఒకటే మాట పెట్టుకో: నేలను వెనక్కి తొయ్యాలి. చేతుల్ని కూడా వెనక్కి గట్టిగా ఊపు, ముందుకు వాటంతటవే వస్తాయి.

తలను గురించి. టీవీలో చూసి కొందరు ముప్పై మీటర్ల దాకా గడ్డం గుండెకు ఆనించి పరిగెత్తుతున్నారు. మెడ వంచితే ఒళ్లు వాలినట్టు కాదు, ఊపిరి బిగుసుకుంటుంది. తల నుంచి మడమ దాకా ఒకే గీతలో ఉండాలి, ఆ గీత కొంచెం కొంచెంగా లేవాలి. నీలాంటి వాళ్లకు ఇరవై, పాతిక మీటర్లకు నిటారుగా రావడం సరైన లెక్క, 30, 40 మీటర్లకు పూర్తి వేగం వచ్చేస్తుంది. పెద్ద పెద్దవాళ్లు యాభై అరవై దాకా వేగం పెంచుకుంటారు. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్‌కు అందరికన్నా వేగం వచ్చింది 60, 80 మీటర్ల మధ్య, చివరి ఇరవైలో ఆయన వేగం కూడా కాస్త తగ్గింది. కాబట్టి చివర్లో ఎవరో దాటుతున్నారని పళ్లు బిగించి అంగలు చాపబాకు.

ఫాల్స్ స్టార్ట్ ఒకటుంది, అంటే గన్‌కన్నా ముందే కదలడం. 2010 నుంచి మొదటి తప్పుకే బయటికి పంపుతున్నారు. 2011లో దేగూ ప్రపంచ పోటీల ఫైనల్లో బోల్ట్‌నే పంపారు. ఎలక్ట్రానిక్ యంత్రముంటే గన్ పేలిన సెకనులో పదో వంతు లోపు కదిలినా తప్పే. గన్ ఎప్పుడు పేలుతుందా అని లెక్కపెట్టబాకు. ‘సెట్’లో ముందు కాలి తోపు మీదే మనసుంచు, శబ్దం తనే వినపడుతుంది.

వారంలో మూడు రోజులే వేగం పరుగులు, మధ్యలో 48 గంటలు విడుపు. రోజుకు 20 మీటర్లవి ఆరు, 30 మీటర్లవి నాలుగు, మొత్తం 240 మీటర్లు. పది మీటర్లకు ఒక నిమిషం లెక్కన విశ్రాంతి, అంటే 30 తర్వాత మూడు నిమిషాలు. ఖోఖో పిల్లవు, ఊరికే నిలబడటం నీకు చేతకాదని తెలుసు. అయినా నిలబడు. ఆయాసంతో పరిగెత్తితే ఓర్పు పెరుగుతుందేమో గానీ వేగం రాదు. కొత్తపట్నం బీచికి పోదామని స్నేహితులు పిలుస్తారు. మెత్తటి ఇసుకలో పాదం దిగబడి నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, నీకు కావాల్సింది దానికి వ్యతిరేకం. పిక్కలూ పట్టేస్తాయి. స్నానానికి పో, పరుగుకు వద్దు.

టైము సంగతి కూడా చెప్పాలి. స్టాప్‌వాచీలో 13.0 వచ్చిందని మీ నాన్న మురిసిపోయాడు. గన్ విని వాచీ నొక్కేసరికి ఆలస్యమవుతుంది, అందుకే చేతి వాచీకి 0.24 కలుపుకుని చూడాలి, 13.24 అవుతుంది. ద్యుతీ చంద్ 2021లో పటియాలాలో జాతీయ రికార్డు పెట్టిన 11.17 ఎలక్ట్రానిక్ టైము. పోల్చుకోవాలంటే న్యాయంగా పోల్చుకో.

నాకు నిద్ర పట్టనియ్యనిది హ్యామ్‌స్ట్రింగ్. మంచి వేగంలో పాదం నేలను తాకబోయే ముందు తొడ వెనక కండరం సాగుతూనే బరువు మోస్తుంది, చిరిగేది ఎక్కువగా అప్పుడే. కాలు చాపే అలవాటుంటే ఇంకా సాగుతుంది. ఎప్పుడైనా అక్కడ చురుక్కుమంటే, ఆ అడుగుతోనే ఆపెయ్. ‘ఇంకొక్కటి’ అనబాకు. ఎవరన్నా నూనె పోసి గట్టిగా మర్దన చేస్తామంటే ఒప్పుకోబాకు, చిరిగిన చోట రక్తం ఇంకా ఎక్కువ చేరుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి డాక్టరు దగ్గరికి పో. ఇప్పట్నుంచే వారానికి రెండుసార్లు మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు మీ చెల్లెల్ని పట్టుకోమని, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలు, ఆపుకోలేనప్పుడు చేతులు ఆనించు. మొదటి వారం నాలుగేసి, రెండు సార్లు. రెండు రోజులు నొప్పులుంటాయి, భయపడబాకు.

ఎండెక్కక ముందే, ఏడుకల్లా ముగించు. నెలసరి ఎక్కువగా పోతోందని మీ అమ్మ అంటోంది, రక్తపరీక్ష చేయించుకో తల్లీ. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఎంత సాధన చేసినా నీరసమే మిగులుతుంది. డాక్టరు చెబితే ఐరన్ మాత్రలు వేసుకో, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఆదివారం తడినేల మీద పరిగెత్తాక అచ్చుల కొలతలు రాసి పంపు. వీడియో తీసేవాళ్లను ఐదు మీటర్ల గుర్తు దగ్గర పక్కగా, నీ తుంటి ఎత్తులో ఫోను పట్టుకుని నిలబడమను. ముందునుంచి తీసిన వీడియో పంపబాకు, దాంట్లో పాదం ఎక్కడ పడిందో నాకు కనపడదు.

ఇట్లు,
మీ పెద్దత్త