మెదడులోని దెబ్బ పెరగదంటారు, మరి కాళ్లు ఏటేటా ఎందుకు బిగుసుకుపోతాయి?

మీ పాపకు నాలుగేళ్లనీ, స్పాస్టిక్ డైప్లీజియా (ముఖ్యంగా రెండు కాళ్లనూ బిగుతుగా చేసే సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలిక దెబ్బతినడం) అని తేల్చారనీ, మెదడుకు తగిలిన దెబ్బ ఇక పెరగదని డాక్టరు గారు భరోసా ఇస్తున్నా కాళ్లు మాత్రం నిరుటికంటే బిగుసుకుపోయాయనీ రాశారు. రోజూ కాళ్లు సాగదీస్తే సరిపోతుందా అని అడిగారు. ఇదే సమస్య ఉన్న పదకొండేళ్ల అబ్బాయికి తల్లిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: డాక్టరు గారు చెప్పిందీ నిజమే, మీరు చూస్తున్నదీ నిజమే. మెదడులోని గాయం ఉన్నచోటే ఉంటుంది, పెరుగుతున్నది పాప. ఎముక తన దారిన తాను పొడవవుతూ పోతుంటే, దానితో సమానంగా పొడవు కావలసిన కండరం వెనకబడిపోతుంది. సాగదీయడం ఒక్కటే ఆ వెనకబాటును పూడ్చలేదు.

మా వాడు మునివేళ్ల మీద నడుస్తున్న రోజుల్లో ఒక ఫిజియోథెరపిస్టు వాణ్ణి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాపి ఉంచి, ఒక చేత్తో మడమను, మరో చేత్తో పాదాన్ని పట్టుకుని ఒక్క ఉదుటున పైకి వంచారు. పాదం కొంత దూరం వచ్చి టక్కున ఆగింది, పిక్క ఒక్కసారి అదిరింది. తర్వాత వాడితో కబుర్లాడుతూ అదే పాదాన్ని చాలా నెమ్మదిగా వంచారు. ఈసారి ఇందాకటి చోటు దాటి ఇంకా పైకి వెళ్లింది గానీ, కాలికి లంబంగా రాకముందే మళ్లీ ఆగిపోయింది. ఈ ఆగడంలో అదురు లేదు, తాడు పొడవు అయిపోయినట్టు ఉంది. ఆవిడ కీళ్ల కోణాలు కొలిచే గోనియోమీటరుతో రెండు కోణాలూ కొలిచి, కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, "మొదటిది నరం పని అమ్మా, రెండోది కండరం పని. రెండింటికీ వైద్యం వేరు" అన్నారు. దీన్ని టార్డియూ పరీక్ష అంటారు. ఖరీదైన యంత్రం అవసరం లేదు, అయిదు నిమిషాలు పట్టదు. అయినా అంతకుముందు మేము తిరిగిన చోట్ల ఫైలు నిండా "బిగుతు ఉంది" అన్న మాటే తప్ప ఒక్క అంకె లేదు. కొలవని బిగుతు తగ్గిందో పెరిగిందో ఎవరు చెప్పగలరు?

ఆ రెండో ఆగడం గురించి గత రెండు దశాబ్దాల్లో వచ్చిన పరిశోధన, నా దృష్టిలో, ఈ రంగం మొత్తంలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది. ఆపరేషన్ల సమయంలో ఈ పిల్లల తొడ వెనక కండరాల నుంచి తీసిన చిన్న ముక్కలను అమెరికాలో కండరాల పరిశోధకుడు రిచర్డ్ లీబర్ బృందం పరీక్షించింది. కండరంలో వరుసగా పేర్చినట్టుండే సార్కోమియర్లు అనే సూక్ష్మ భాగాలు ఉంటాయి. మనిషి కండరంలో ఒక్కొక్కటి దాదాపు 2.7 మైక్రోమీటర్ల పొడవున ఉన్నప్పుడు కండరం అత్యధిక బలం ఇస్తుంది. బిగుసుకుపోయిన కండరంలో ఇవి కుంచించుకుపోయి ఉంటాయని మనం అనుకుంటాం. తీరా చూస్తే ఉన్నవి అతిగా సాగిపోయి కనిపించాయి. అంటే వరుసలో ఉండవలసినన్ని లేవు, ఉన్న కొన్నే మొత్తం దూరాన్ని మోస్తున్నాయి. పైగా వాటి చుట్టూ ఉండే కొల్లాజెన్ పొర గట్టిపడి ఉంది, కండరం పెరగడానికీ మరమ్మతుకూ కావలసిన శాటిలైట్ కణాలు మామూలు పిల్లల కండరంలో ఉన్నవాటిలో సగం కూడా లేవు. ఇది తెలిశాక ఆ కాలు ఏకకాలంలో బిగుతుగానూ బలహీనంగానూ ఎందుకుంటుందో నాకు అర్థమైంది.

కాబట్టి ఇప్పటికే అతిగా సాగి ఉన్న సార్కోమియర్లను పూటకు పది నిమిషాలు చేత్తో లాగినంత మాత్రాన కొత్తవి పుట్టుకురావు. చేత్తో సాగదీయడం వల్ల కీలు కదలిక చెప్పుకోదగినంత పెరగదని అధ్యయనాలను గుదిగుచ్చి చూసినవారు తేల్చారు. మానేయమని నేను చెప్పను, స్నానం తర్వాత కాళ్లు సాగదీస్తే మా వాడికి హాయిగా ఉంటుంది. కానీ దాని కోసం పిల్లను రోజూ ఏడిపించడం మాత్రం దండగ. బొటాక్స్ ఇంజెక్షన్ నరం నుంచి కండరానికి, బిగుసుకోమనే సంకేతాన్ని మోసే అసిటైల్‌కోలిన్ అందకుండా అడ్డుకుంటుంది గనుక, ఆ రెండు కోణాల మధ్య తేడా ఎక్కువగా ఉన్నప్పుడే పనికొస్తుంది, అదీ మూడు నాలుగు నెలలు. తేడా లేకపోతే వరుసగా పిండికట్లు మార్చుతూ పాదాన్ని సరిచేయడమో, ఆపరేషనో ఆలోచించాలి. ఇంజెక్షన్ వేసిన కండరం నెలల తరబడి సన్నబడి ఉండవచ్చు, అందుకే ఎవరైనా కోణాలు కొలవకుండా సిరంజి తీస్తే ఎందుకని అడగండి.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఈ పిల్లలకు బలం పెంచే వ్యాయామం చేయిస్తే బిగుతు ఇంకా పెరుగుతుందని ఈ పిల్లల ఫిజియోథెరపీలో తమ పేరిట ఒక పద్ధతిని తెచ్చిన బోబాత్ దంపతుల కాలం నుంచి దశాబ్దాల పాటు నమ్మారు. 1990లలో డయాన్ డామియానో వంటి పరిశోధకులు బరువులతో వ్యాయామం చేయించి చూస్తే బలం పెరిగింది, బిగుతు పెరగలేదు. అయినా "వద్దండీ, బిగుసుకుపోతాడు" అనే మాట నేను ఈ మధ్య కూడా విన్నాను. బలం పెరిగినంత మాత్రాన నడక మెరుగవుతుందని అన్ని అధ్యయనాలూ ఒప్పుకోవు, అది నిజమే. మా ఇంట్లో మాత్రం పొట్టి స్టూలు మీద నుంచి చేతులు ఆనించకుండా లేవడం, మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించడం వాడికి ఇచ్చినంత మేలు ఏ మసాజూ ఇవ్వలేదు.

ఇక అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్పించి ఈ సమస్యను తగ్గిస్తామనే ఆక్సిజన్ గదుల ప్రకటనలు మీ కంటా పడే ఉంటాయి. కెనడాలోని క్యూబెక్‌లో 111 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అధిక పీడనంలో ఆక్సిజన్, మరో జట్టుకు కొద్దిపాటి పీడనంలో మామూలు గాలి ఇచ్చి, 2001లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ఫలితాలు ప్రచురించారు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి, అదీ సమానంగా! ప్రకటనల్లో మొదటి సగమే కనిపిస్తుంది. పిల్లలు ఎదుగుతారు, వాళ్ల మీద ఇంటిల్లిపాదీ దృష్టి పెడితే ఇంకాస్త ఎదుగుతారు, ఆ ఎదుగుదలను గది ఖాతాలో వేసుకోవడం అన్యాయం.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, ఎందుకంటే మమ్మల్నీ చాలాకాలం ఎవరూ హెచ్చరించలేదు. కాళ్ల మీదే చూపు నిలిపి తుంటిని వదిలేయకండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది, మొదట్లో నొప్పి కూడా ఉండదు. నడకనూ కదలికనూ బట్టి చేసే జీఎంఎఫ్‌సీఎస్ వర్గీకరణలో అన్నిటికంటే తేలికైన ఒకటో స్థాయి పిల్లలకు ఈ ముప్పు చాలా తక్కువ, అన్నిటికంటే తీవ్రమైన అయిదో స్థాయిలో పదిమందిలో తొమ్మిదిమందికి దాకా ఉంటుంది. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు వేళ తప్పకుండా ఎక్స్‌రే తీస్తూ, జరగడం మొదలైన వెంటనే చికిత్స చేస్తూ వచ్చేసరికి అక్కడ తుంటి పూర్తిగా తప్పిపోవడం దాదాపు కనుమరుగైంది. పాపది ఏ స్థాయో అడిగి రాయించుకోండి, తుంటి ఎక్స్‌రే ఇంతవరకు తీయకపోతే వచ్చే అపాయింట్‌మెంటులోనే అడగండి, చీలమండ కోణాలు రెండూ తేదీతో సహా ఫైలులో రాయమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.