ఆ జన్మ బాకీ ఈ భర్త నెత్తిన వేయకు చెల్లీ

ప్రశ్న: అక్కా, నేను పుట్టి పెరిగింది హన్మకొండలోనే. పెళ్లయి తొమ్మిదేళ్లు. మా ఆయనకు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం, అండర్‌గ్రౌండ్ డ్యూటీ. పిల్లల చదువుల కోసం నేను ఇక్కడే ఉంటున్నాను, ఆయన వీక్లీ ఆఫ్‌కు వస్తారు. ఫోన్ ఎత్తకపోతే చాలు నాకు గుండె దడ, ఆ తర్వాత గొడవ. స్నేహితురాలు చెబితే పాస్ట్ లైఫ్ రిగ్రెషన్, అంటే హిప్నటైజ్ చేసి గత జన్మ గుర్తుకు తెప్పిస్తామనే పద్ధతి, చేసే ఒకావిడ దగ్గరికి వెళ్లాను. కళ్లు మూసుకున్నాక రాతి కోట, పెద్ద పెద్ద కమానులున్న హాలు, అందులో నేనొక్కదాన్నే నిలబడి ఉన్నట్టు కనిపించింది. అది రుద్రమదేవి కాలమట, నన్ను వదిలేసి పోయిన సైనికుడే ఇప్పటి నా భర్తట. వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటి నుంచి ఆయన్ని చూస్తేనే కోపం వస్తోంది. ఇంకో మూడు సిట్టింగులు చేస్తే ఆ కర్మ తెగిపోతుందని చెప్పింది. వెళ్లమంటారా? ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు, మా బాపు నా చిన్నప్పుడే దుబాయ్ పోయి నేను ఏడో తరగతికి వచ్చాక గానీ తిరిగి రాలేదు.
ఒక సోదరి, హన్మకొండ

జవాబు: వెళ్లకు చెల్లీ. ఎందుకో చెప్తాను.

పునర్జన్మ ఉందా లేదా అన్న వాదనలోకి నేను దిగను. కష్టమొస్తే ‘ఏ జన్మల ఏం పాపం చేసిన్నో’ అనుకోని ఆడమనిషి మన దగ్గర ఉండదు, అది నీ నమ్మకం, నీ ఇష్టం. నేను చూసేది కళ్లు మూసుకున్నప్పుడు నీకు కనిపించింది నిజంగా జ్ఞాపకమేనా అని.

ఆ కమానుల హాలే తీసుకో. రుద్రమదేవి పాలించింది 1262 నుంచి 1289 దాకా. వరంగల్ కోటలో కాకతీయులు కట్టిన కీర్తి తోరణాలు ఎన్నోసార్లు చూసే ఉంటావు, స్తంభాల మీద అడ్డంగా రాయి పరిచి కట్టినవి, వాటిలో ఎక్కడా కమాను ఉండదు. కమానులున్న ఆ పెద్ద హాలు, మందపాటి గోడలు ఆ కోటలోనే ఉన్న ఖుష్ మహల్‌వి, అది 1323లో కాకతీయ రాజ్యం కూలిన తర్వాత కట్టింది. రుద్రమ కాలంలో ఎవరూ దాన్ని చూసే వీలే లేదు. చూసింది నువ్వు, బడి నుంచి పిక్నిక్‌కు తీసుకెళ్లినప్పుడో, చుట్టాలొస్తే కోట చూపించడానికి పోయినప్పుడో.

ఆవిడ కావాలని మోసం చేసిందని నేను అనడం లేదు. ఆ స్థితిలో మనసు ఎదుటివాళ్లు ఇచ్చిన దారం పట్టుకుని కథ అల్లేస్తుంది. కెనడాలో నికోలస్ స్పానోస్ అనే సైకాలజిస్టు 1991లో ఈ విషయం మీద పరిశోధనలు ప్రచురించాడు. పాత కాలంలో పిల్లలను బాగా హింసించేవారని ముందుగా చెప్పి హిప్నటైజ్ చేస్తే, వాళ్లు చెప్పిన గత జన్మల్లో ఆ హింస ఎక్కువగా కనిపించింది. గత జన్మ గుర్తుందనే పిల్లల గురించి దశాబ్దాల పాటు దేశాలు తిరిగి సమాచారం సేకరించిన ఇయాన్ స్టీవెన్సన్ కూడా, పునర్జన్మను అంత సీరియస్‌గా తీసుకున్న మనిషి, హిప్నాసిస్‌లో బయటపడే కథలను మాత్రం పెద్దగా నమ్మలేదు.

కానీ నువ్వు ఏడ్చిన ఏడుపు నిజం. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ కోట కాదు, చివర్లో ఏదో మాటవరసకన్నట్టు రాసిన బాపు సంగతి. దుబాయ్ పోయిన తండ్రి కోసం ఎదురుచూసిన పిల్లలు మన కరీంనగర్, జగిత్యాల వైపు ఇంటికొకరు అన్నట్టు ఉంటారు, వాళ్లలో చాలామంది ‘నాకు అలవాటే’ అనే అంటారు. దానికీ నీ గుండె దడకూ సంబంధం ఉందని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను గానీ, ఏడు వందల ఏళ్ల కిందటి సైనికుడి దాకా పోయే ముందు ఆ పిల్ల గురించి ఆలోచించమంటాను.

మీ ఆయన వైపు నుంచి కూడా చూడు. ఫోన్ ఎత్తలేదంటే ఎందుకు ఎత్తలేదో చెప్పగలడు, లేదంటే తప్పు ఒప్పుకోగలడు. ఆ జన్మలో వదిలేసి పోయావంటే ఏం సంజాయిషీ చెప్తాడు? తనకు తెలియని నేరానికి ఇంట్లో రోజూ ముద్దాయిగా నిలబడాలి, పాపం.

బొగ్గు గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరని నీకూ తెలుసు, అయినా దడ ఆగదు, అది నీ తప్పు కాదు. ఈసారి ఆయన వచ్చినప్పుడు పిల్లలు పడుకున్నాక బాపు సంగతి మొత్తం చెప్పు, ఆ రోజుల్లో ఎట్లా ఉండేదో చెప్పు. నిందలా కాకుండా ‘నాకు భయమైతది’ అని చెప్పు. షిఫ్టు దిగి పైకి రాగానే ఒక్క మెసేజ్ పెట్టమని అడుగు.

అప్పటికీ దడ తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, లేదా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టును కలువు. ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. సిట్టింగు డేటు కోసం ఆవిడ ఫోన్ చేస్తే రాను అని చెప్పేయ్, కారణం చెప్పాల్సిన పని లేదు.