అరిగిన డిస్కుకు జన్యు చికిత్స వచ్చేసిందా?

ప్రశ్న: నా వయసు 44. ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. నడుము దగ్గర డిస్కు అరిగిందని ఎమ్మారైలో తేలింది. ఆపరేషన్ అవసరం లేదన్నారు గానీ, గంట కూర్చుంటే నొప్పి తట్టుకోలేకపోతున్నాను. జన్యువును ఇంజెక్షన్‌గా ఇస్తే డిస్కు మళ్లీ బాగుపడుతుందని మిత్రుడొకరు చెప్పారు. అది నిజమేనా? దాని కోసం ఆగమంటారా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీ మిత్రుడి మాటకు ప్రయోగశాలలో ఆధారం ఉంది. కానీ అది రోగులకు ఇచ్చే చికిత్సగా ఇంకా మారలేదు కాబట్టి దాని కోసం ఆగవద్దు.

డిస్కు నడుమ ఉండే గుజ్జులో అగ్రికాన్ అనే పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది. వయసు, వంశపారంపర్యం, మోసే బరువుల వల్ల అక్కడి కణాలు తగ్గిపోయి, మిగిలినవి అగ్రికాన్‌ను తయారుచేయడం తగ్గించి దాన్ని కరిగించే ఎంజైములను ఎక్కువగా వదలడం మొదలుపెడితే గుజ్జు ఎండిపోతుంది. ఎమ్మారైలో ఆ డిస్కు నల్లగా కనిపించేది అందుకే. పెద్దవారిలో డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు, రక్తంలో కలిసే మందు అక్కడికి సరిగా చేరదు కనుక, అక్కడి కణాలచేతనే మందు తయారుచేయించాలన్న ఆలోచన పుట్టింది. పెరుగుదలకు తోడ్పడే ప్రొటీను తాలూకు జన్యువును, వ్యాధి కలిగించకుండా మార్చిన వైరస్‌లో పెట్టి డిస్కులోకి ఎక్కిస్తారు. 1999లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు టీజీఎఫ్-బీటా1 అనే అలాంటి ప్రొటీను జన్యువును ఇలా కుందేళ్ల డిస్కుల్లోకి పంపినప్పుడు, నీటిని పట్టి ఉంచే పదార్థాల తయారీ దాదాపు రెట్టింపయింది.

అయితే అవి అరగని డిస్కులు. మీ డిస్కులో జన్యువు ఇచ్చే ఆదేశాన్ని అందుకోవలసిన కణాలే తక్కువగా ఉంటాయి, ఉన్నవాటికి పోషణ సరిగా అందదు. అందుకే కుందేలులో వచ్చిన ఫలితాన్ని మనిషికి అన్వయించడానికి నేను వెనకాడతాను. భద్రత సంగతి అంతకంటే ముఖ్యం. అదే జన్యువు పొరపాటున వెన్నుపాము పొరల లోపల పడినప్పుడు కుందేళ్ల కాళ్లు చచ్చుబడ్డాయి. 1999లోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, కాలేయానికి సంబంధించిన ఒక జన్యులోపానికి అడినోవైరస్ (జలుబు వంటివి కలిగించే రకం వైరస్) ద్వారా జన్యువును ఇచ్చిన ప్రయోగంలో 18 ఏళ్ల యువకుడు మరణించాడు. ప్రాణం తీయని నడుము నొప్పికి అంత ప్రమాదాన్ని ఎలా ఒప్పుకోగలం? దక్షిణ కొరియాలో మోకాలి కీలు అరుగుదలకు 2017లో అనుమతి పొందిన జన్యు చికిత్సకు, అందులోని కణాలు చెప్పినట్టు మృదులాస్థివి (కీళ్లలోని మెత్తటి ఎముకవి) కావని, మూత్రపిండ మూలానివని తేలడంతో 2019లో ఆ అనుమతి రద్దయింది.

మన దేశంలో జన్యు చికిత్సకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అనుమతి లేకుండా ప్రయోగంగా కూడా దీన్ని ఇవ్వకూడదు. డబ్బు కట్టించుకొని జన్యు ఇంజెక్షన్ చేస్తామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. సూది గుచ్చడమే డిస్కుకు కొంత హాని.

స్కానింగులో అరుగుదల ఉండి కూడా నొప్పి లేనివారు ఎందరో ఉన్నారు. కాబట్టి నొప్పిని తగ్గించుకునే దారి మీకు ఇప్పుడే ఉంది. గంటకోసారి బండి ఆపి నాలుగడుగులు నడవండి, నడుముకు ఆనుకునేలా సీటు సరిచేయించుకోండి, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలను రోజూ చేయండి, పొగతాగే అలవాటుంటే మానండి. కాలిలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.