పరలోకంలో పాపం చేయగలమా?

ప్రశ్న: పరలోకంలోనూ స్వేచ్ఛ ఉంటే, దూతలు పాపంలో పడిపోయినట్టు (బైబిల్, 2 పేతురు 2:4) మనమూ పడిపోమా? సండేస్కూల్ పిల్లలు అడుగుతున్నారు.
— ఓ టీచరు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: గట్టి ప్రశ్నే వేశారండీ. 'దేవుడు అక్కడ స్వేచ్ఛ తీసేస్తాడు' అని మాత్రం చెప్పకండి. 'ఆ పనేదో ఆదాము ఉన్న ఏదెను తోటలోనే చేయొచ్చుగా' అంటారు పిల్లలు. ముందు తీతు 1:2 చదివించండి: దేవుడు అబద్ధమాడనేరడు. అంతమాత్రాన ఆయనకు స్వేచ్ఛ లేదనం కదా! 5వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఇచ్చిన వివరణ: ఆదాముది పాపం చేయకుండా ఉండగల స్వేచ్ఛ, పరలోకంలో దొరికేది పాపం చేయలేని స్వేచ్ఛ. రెండోదే పెద్దది. కన్నబిడ్డ పాలలో విషం కలపలేని తల్లిని బందీ అంటామా? ఇక దూతల సంగతి. పడిపోయినవాళ్లు అప్పటికి దేవుణ్ణి ముఖాముఖి చూడలేదంటాడు మధ్యయుగపు క్రైస్తవ వేదాంతి అక్వినాస్; చూశాక మనసు ఇంకోవైపు తిరగదట. ఇది లేఖనం నేరుగా చెప్పింది కాదు, వేదాంతి వివరణ అని పెద్ద పిల్లలకు చెప్పేయండి.