రాంచ్‌లకు ఇచ్చేది రాయితీయేనా?

సందేహం: అమెరికాలో పశువుల రాంచ్‌లకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీల మీద మా తెలుగు సంఘం పత్రికకు వ్యాసం రాశాను. 'రాంచీ రాయితీలు: లబ్ధిదారుల పారదర్శకత' అని పేరు పెడితే, ఒక్క మాటా కుదరలేదని మిత్రుడు తీసిపారేశాడు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, టెక్సస్

సమాధానం: మీ మిత్రుడు కాస్త గట్టిగానే అన్నా, న్యాయం ఆయనవైపే ఉంది. 'రాంచీ' అంటే మనవాళ్లకు ధోనీ ఊరు గుర్తొస్తుంది. 'రాంచ్' అని పొల్లుతో ఆపేయండి. దొడ్డి అందామంటే అది పశువుల్ని కట్టేసే చోటు. వేల ఎకరాల గడ్డినేలకు ఆ మాట చాలదు.

అసలు చిక్కు రాయితీతోనే. అరబ్బీ 'రిఆయత్' ఉర్దూ మీదుగా మనకు చేరిన మాట ఇది. మనం కట్టాల్సిన దాంట్లో కొంత తగ్గిస్తే రాయితీ: రాయితీ విత్తనాలు, బస్సు పాసు రాయితీ. డబ్బే చేతికొస్తే ఆ మాట అతకదు. 2018లో తెలంగాణలో రైతుబంధు కింద ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలిచ్చినప్పుడు దాన్ని 'పెట్టుబడి సాయం' అన్నారు. అమెరికాలో కరువుకు మేత ఎండిపోతే అక్కడి వ్యవసాయ శాఖ పశుపోషకులకు సొమ్ము ఇస్తుంది. మంచు తుపానులాంటి వాటికి పశువులు చస్తే మార్కెట్ ధరలో 75 శాతం ఇచ్చే పథకమూ ఉంది. ఇవి పరిహారాలు.

మరి రాయితీ లేదా? ఉంది, పుల్లరిలో ఉంది. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. ఈ పుల్లరి మీదే పల్నాడు తిరగబడింది, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. అమెరికా ఫెడరల్ భూముల్లో పశువుల్ని మేపుకునేందుకు కట్టే రుసుముకు ఇంతకన్నా మంచి మాట నాకు తోచదు. 2019 నుంచి 2025 దాకా అది ఆవూ దూడా జతకు నెలకు 1.35 డాలర్లే. ప్రైవేటు భూమిలో మేపితే దానికి ఎన్నో రెట్లవుతుంది. ఆ తేడాను 'పుల్లరి రాయితీ' అనండి, వంక పెట్టేవాళ్లుండరు. పరిహారాన్నీ రాయితీనీ కలిపి చెప్పాలంటే 'సబ్సిడీ' ఉండనే ఉంది. దాన్ని తెలుగు చేయాలని పంతం పట్టనక్కర్లేదు.

ఇక 'లబ్ధిదారుల పారదర్శకత'. పారదర్శకంగా ఉండాల్సింది ప్రభుత్వం. మీ శీర్షిక చూస్తే లబ్ధిదారులే గాజుబొమ్మలు అన్నట్టుంది! ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ సమాచార చట్టం కింద వ్యవసాయ శాఖ నుంచి లెక్కలు రాబట్టి, 2001 నుంచి ఎవరికెంత ముట్టిందో పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెడుతోంది. దీన్ని 'పేర్లు బయటపెట్టడం' అంటే సరిపోతుంది. పారదర్శకం అంటే అవతలి ఒడ్డు కనపడాలి. జాబితాలో చాలాచోట్ల కనిపించేది ఏదో కంపెనీ పేరో, భాగస్వామ్య సంస్థ పేరో. వెనకున్న మనిషి కనపడడు.

పైగా ఆ జాబితాలో ఉండేవి చెల్లింపులే. పుల్లరి రాయితీకి ఎవరూ చెక్కు రాయరు కాబట్టి అది అందులోకి రాదు. పరిహారాన్నీ రాయితీనీ మీరు ఒకే మాటతో చుట్టేస్తే, చదివేవాళ్లు ఆ జాబితాలోనే అంతా ఉందనుకుంటారు. మీ వ్యాసానికి 'రాంచ్‌లకు సర్కారు సొమ్ము: ఎవరికెంత?' అని పెట్టి, పుల్లరి సంగతి లోపల విడిగా రాయండి.